జైపాల్ సింగ్ ఆడిన మైదానం: ఆక్స్‌ఫర్డ్ క్లబ్బులు, మన హాస్టళ్లు

మా బడిలో తొమ్మిదో తరగతి పిల్లలకు జైపాల్ సింగ్ ముండా గురించి చెప్పిన రోజు ఒక పిల్లవాడు లేచి, "సార్, అంత పెద్ద చదువుకు పోయి ఆయన హాకీ ఎందుకు ఆడిండు? వాళ్ల సార్లు తిట్టలేదా?" అని అడిగాడు. తరగతంతా నవ్వింది. మాకు నవ్వు రాలేదు. ఆ ప్రశ్నలో మా బడే కనిపించింది. పదో తరగతి ఫలితాల కోసం ఆటల పీరియడ్‌ను లెక్కల పీరియడ్‌గా మార్చింది మేమే. బంతి అడిగిన పిల్లల్ని తిట్టిందీ మేమే.

మన సభల్లో జైపాల్ సింగ్ ఫోటోకు దండ వేస్తాం. రెండు మాటలు తప్పకుండా చెబుతాం. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో భారత హాకీ జట్టుకు ఆయన కెప్టెన్. 1946 డిసెంబరులో రాజ్యాంగ సభలో ఆదివాసుల తరఫున నిలబడి, మాకు ప్రజాస్వామ్యం మీరు నేర్పనక్కరలేదు, మా దగ్గరే మీరు నేర్చుకోవాలి అన్న అర్థంలో మాట్లాడినవాడు. ఈ రెండింటికీ ముందు ఆయన చదివిన చోటు ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోని సెయింట్ జాన్స్ కళాశాల. అక్కడ తరగతి గది బయట ఏముందో మనం పిల్లలకు చెప్పం. మనకే తెలియదు కాబట్టి చెప్పం. మేము చదివి తెలుసుకున్నంతలో దాని మంచీ చెడూ ఇక్కడ తూచి చూస్తాం.

ముందు ఆ విశ్వవిద్యాలయం కట్టుబడి తెలియాలి. ఆక్స్‌ఫర్డ్ అంటే ఒక కాలేజీ కాదు. కళాశాలలు, హాళ్లు కలిపి నలభైకి పైగా ఉన్నాయి. విద్యార్థి ఏదో ఒక కళాశాలకు చెందుతాడు. భోజనశాల, పుస్తకాలయం, ఇద్దరు ముగ్గురిని కూర్చోబెట్టి చెప్పే పాఠం కళాశాలలో ఉంటాయి. మొదటి సంవత్సరం నివాసం కూడా సాధారణంగా అక్కడే. పరీక్ష పెట్టేది, డిగ్రీ ఇచ్చేది విశ్వవిద్యాలయం. కేంబ్రిడ్జ్‌ది కూడా ఇదే పద్ధతి. అందుకే అక్కడ ఆటలకూ సంఘాలకూ రెండు మెట్లు ఉంటాయి. కళాశాల జట్టు ఒకటి, విశ్వవిద్యాలయం జట్టు మరొకటి. కేంబ్రిడ్జ్ మీద విశ్వవిద్యాలయం తరఫున ఆడినవారికి 'బ్లూ' అనే గౌరవం ఇస్తారు. జైపాల్ సింగ్ హాకీలో ఆ బ్లూ పొందారు.

పేపర్లలో వచ్చేది పై మెట్టు గురించే. 1829లో మొదలైన ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ పడవ పందెం లోకమంతటికీ తెలుసు. టీచర్లుగా మనం చూడవలసింది మాత్రం కింది మెట్టు. కళాశాలలు చిన్నవి. ఒక్కో దానిలో కొన్ని వందల మందే ఉంటారు. అంత తక్కువ మందిలోంచి ఫుట్‌బాల్‌కు, హాకీకి, పడవకు, నాటకానికి, పాటకు మనుషులు కావాలి. అందుకని ఎప్పుడూ తెడ్డు పట్టనివాడిని కూడా రమ్మని పిలుస్తారు. రాగానే మొదటి పడవలో ఎక్కించరు. రెండోదో మూడోదో ఉంటుంది.

ఆ కళాశాలల పడవ పందెం నడిచే తీరు కూడా గమనించదగ్గది. నది ఇరుకు కాబట్టి పడవలు పక్కపక్కన పోవు. ఒకదాని వెనక ఒకటి నిలిచి, వెనకది ముందుదాన్ని తరిమి తాకాలి. తాకితే మరునాడు దాని స్థానంలోకి వెళుతుంది. పడవలను తరగతులుగా విడదీస్తారు. కొత్తగా నేర్చుకున్నవాళ్లు తమలాంటివాళ్లతోనే పోటీపడతారు. ఈ ఏడు ఎక్కడ ఆగారో వచ్చే ఏడు అక్కడినుంచే మొదలు. పడవలో తెడ్డు వేసేవాళ్లు ఎనిమిది మంది. తొమ్మిదో మనిషి బక్కగా, తేలికగా ఉండాలి. దారి చూపుతూ, కేక వేస్తూ నడిపించేది ఆ మనిషే. మన బడిలో ఒళ్లు చిన్నదని పక్కన కూర్చోబెట్టే పిల్లకు అక్కడ కావాల్సిన చోటే ఉంది.

ఇప్పుడు లెక్క వేయండి. నలభై కళాశాలలు, ఒక్కోదానికి పది జట్లు అనుకున్నా నాలుగు వందల మంది కెప్టెన్లు. ఇవి కాక విశ్వవిద్యాలయం మొత్తానికి చర్చల సంఘం, నాటక సంఘం, పత్రిక, చదరంగం లాంటివి ఎన్నో. అక్కడ ఒక సంఘం నమోదు కావాలంటే రాతపూర్వకమైన నియమావళి ఉండాలి. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి ఉండాలి. ఈ ముగ్గురూ విద్యార్థులే. అధ్యాపకుల్లోంచి ఒక పెద్ద తోడుగా ఉంటారు. ఆయన విజిల్ పట్టుకుని ముందు నిలబడరు. డబ్బు లెక్క, సమావేశం పుస్తకం, మైదానం అడిగే ఉత్తరం, ఓడినవాళ్లను సముదాయించడం, రానివాళ్లను రప్పించడం అన్నీ ఇరవై ఏళ్ల పిల్లలే చూసుకుంటారు. తరువాత వాళ్లలో కొందరు దేశాలు ఏలారంటే తెలివి ఒక్కటే కారణం కాదు. ఏలడం ముందే చిన్న చిన్న పనుల్లో అలవాటయింది.

దీనికి తెలుగు సాక్ష్యమూ ఉంది. కట్టమంచి రామలింగారెడ్డి పేరు టీచర్లందరికీ తెలుసు. కవిత్వతత్త్వవిచారం రాసినవారు, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి ఉపాధ్యక్షులు. ఆయన కేంబ్రిడ్జ్‌లో చదివినప్పుడు అక్కడి యూనియన్ అనే చర్చల సంఘానికి ఉపాధ్యక్షులుగా ఎన్నికయ్యారు. ఆయన కళాశాల పేరూ సెయింట్ జాన్సే. చిత్తూరు సీమ నుంచి వెళ్లిన ఒకరు, ఛోటానాగ్‌పూర్ నుంచి వెళ్లిన ఒకరు. ఒకరికి మాట, ఒకరికి కర్ర. ఇద్దరూ తరగతి బయట కూడా తమ చోటు సంపాదించుకున్నారు.

జైపాల్ సింగ్ హాకీని ఆక్స్‌ఫర్డే పుట్టించిందని మాత్రం అనకూడదు. ఛోటానాగ్‌పూర్ పల్లెల్లో పిల్లలు వెదురు కర్రలతో హాకీ ఆడతారు. గెలిచిన జట్టుకు మేకపోతును ఇచ్చే పోటీలు అక్కడ ఉన్నాయి. ఆ నేల బిడ్డ ఆయన. ఆక్స్‌ఫర్డ్ ఆయనకు ఇచ్చింది జట్టు, మైదానం, తోటివాళ్లలో హోదా. ఐసీఎస్ శిక్షణలో ఉండగా ఒలింపిక్స్‌కు పిలుపు వస్తే సెలవు దొరకలేదు. అయినా వెళ్లారు. తరువాత ఆ ఉద్యోగమే వదిలేశారు. ఆ ఒలింపిక్స్‌లో భారత జట్టు ఐదు ఆటల్లో 29 గోల్స్ వేసి ఒక్కటీ ఇవ్వలేదు. ఆఖరి ఆటలో మాత్రం జైపాల్ సింగ్ ఆడలేదు. మన పుస్తకాలు బంగారు పతకం రాసి ఈ మాట వదిలేస్తాయి. కెప్టెన్ అయినవాడి బతుకు కూడా నున్నటి దారి కాదని పిల్లలకు చెప్పడం మంచిదే.

ఇక చెడు వైపు. ఆక్స్‌ఫర్డ్ యూనియన్ చర్చల సంఘం 1823లో పుట్టింది. ఆడవాళ్లకు అందులో పూర్తి సభ్యత్వం 1963లో వచ్చింది. నూట నలభై ఏళ్లు. ప్రజాస్వామ్యం నేర్పే చోటు అని పేరు పెట్టుకుని సగం మందిని సభ్యులుగా చేర్చుకోలేదు. బుల్లింగ్డన్ అని ఇంకో క్లబ్బు ఉంది. దానిలో మగవాళ్లే. పిలిచినవాళ్లే చేరాలి. చాలా ఖరీదైన ప్రత్యేక కోటు కుట్టించుకోవాలి. తాగి హోటళ్లలో సామాను పగలగొట్టి, డబ్బు కట్టేసి పోయేవాళ్లని దానికి పేరు. ఇంగ్లండ్ ప్రధానులైన డేవిడ్ కామెరాన్, బోరిస్ జాన్సన్ చదువుకునే రోజుల్లో దానిలో సభ్యులు. కూలివాడి కొడుకు ఒక గాజు పగలగొడితే పోలీసు కేసు. వాళ్లు పగలగొడితే కుర్రతనం. క్లబ్బు అనేది మనుషుల్ని కలుపుతుంది, వేరు కూడా చేస్తుంది. రుసుము, బట్టలు, మాట తీరు అన్నీ తలుపుకు గడియలే.

జైపాల్ సింగ్‌కు ఆ గడియ తీసినది ఒక మిషనరీ. రాంచీ బడి పెద్ద ఆయనను ఇంగ్లండ్ తీసుకెళ్లారు. అది ఒక్క పిల్లవాడికి దొరికిన అదృష్టం. ఆ ఊళ్లో ఆయనతో ఆడిన మిగతా పిల్లలు ఏమయ్యారు? ఆయన విదేశాల్లో, ఇతర ఉద్యోగాల్లో చాలా ఏళ్లు గడిపి, 1939లో ఆదివాసీ మహాసభ అధ్యక్షుడిగా మన మధ్యకు వచ్చారు. ఆక్స్‌ఫర్డ్ ఆయనకు గొంతు ఇచ్చి ఉండవచ్చు. ఆ గొంతులో చెప్పవలసిన మాట ఆయన పుట్టిన పల్లెదే.

ఆక్స్‌ఫర్డ్ వాళ్లు చేసేదంతా మనకు కొత్త అనుకోనక్కరలేదు. బస్తర్ మురియా గోండులకు ఘోటుల్ ఉండేది. ఊరి యువతీ యువకులు సాయంత్రం చేరే ఇల్లు అది. అక్కడ పెద్దరికం వాళ్లదే. పదవులకు పేర్లుండేవి. కట్టెలు తెచ్చేది ఎవరు, ఊడ్చేది ఎవరు అని పని పంచుకునేవాళ్లు. ఎగ్గొట్టినవాళ్లకు జరిమానా. దాని గురించి 1947లో పెద్ద పుస్తకం అచ్చువేసిన వెరియర్ ఎల్విన్ కూడా ఆక్స్‌ఫర్డ్‌లో మెర్టన్ కళాశాలలో చదివినవారే. బయటివాళ్లు చాలామంది ఘోటుల్ అనగానే ఆడామగా సంగతే చూశారు. పిల్లలు తమ ఇంటిని తామే నడుపుకున్నారన్న సంగతి చూడలేదు. మన కోయ ఊళ్లలో రేలా పాట ఎత్తుకునే పిల్లను ఎవరూ ఆర్డరు వేసి నియమించరు. అయితే గొప్పలు చెప్పుకుని ఊరుకుంటే కుదరదు. మన కుల పంచాయితీలో ఆడవాళ్లు పెద్దలుగా కూర్చుంటున్నారా? యూనియన్ వాళ్ల నూట నలభై ఏళ్లను వేలెత్తి చూపేముందు మన చెట్టు కింద కూడా ఒకసారి చూసుకోవాలి.

మేము టీచరు శిక్షణలో 'సహపాఠ్య కార్యక్రమాలు' అనే పాఠం చదివి పరీక్ష రాశాం. బడికొచ్చాక ఆ 'సహ' అన్న మాటకు అర్థం మారిపోయింది. ఖాళీ ఉంటే చేసేది అని అయింది. మా హాస్టల్లో 240 మంది పిల్లలు. ఆటల పోటీలకు కబడ్డీ జట్టు, ఖోఖో జట్టు, వాలీబాల్ జట్టు కలిపి 36 మందిని పంపేవాళ్లం. మిగతా 204 మంది చప్పట్లు కొట్టేవాళ్లు. ఒక్కడే స్కూల్ లీడర్. వాడినీ మేమే పెట్టేవాళ్లం. వాడి పని అల్లరి చేసినవాళ్ల పేర్లు బోర్డు మీద రాయడం. అది నాయకత్వం కాదు, కాపలా.

ఆక్స్‌ఫర్డ్ కళాశాలల లెక్క చదివాక మేము నలుగురు టీచర్లం ఒక ప్రయత్నం చేశాం. పిల్లల్ని ముప్పై మంది చొప్పున ఎనిమిది జట్లుగా విడదీశాం. ఐదు మగపిల్లలవి, మూడు ఆడపిల్లలవి. ఇప్ప, మద్ది, తునికి, రేల అని వాళ్లే చెట్ల పేర్లు పెట్టుకున్నారు. ప్రతి జట్టుకూ కెప్టెన్, కార్యదర్శి, కోశాధికారి. చేతులెత్తి ఎన్నుకున్నారు. మేము తలా రెండు వందలు వేసుకుని జట్టుకు నెలకు వంద రూపాయలు ఇచ్చాం. ఒక్క లీడర్ ఉన్న చోట ఇరవై నాలుగు మంది తయారయ్యారు.

మొదటి నెల రేల జట్టు లెక్కలో నలభై రూపాయలు తక్కువ వచ్చాయి. డబ్బు వెనక్కి తీసుకుందామని మాలో ఇద్దరం అన్నాం. మిగతా ఇద్దరూ ఆపారు. ఆ జట్టే కూర్చుని, ఖర్చు పెట్టిన పిల్లవాడు చిరిగిన వాలీబాల్ నెట్టు కుట్టి బాకీ తీర్చాలని తేల్చింది. కుట్టాడు.

మూడో నెలలో అసలు పరీక్ష వచ్చింది. ఇప్ప జట్టు కార్యదర్శి ఏడో తరగతి పిల్ల. సమావేశం పుస్తకంలో ఇలా రాసింది: "ఆటల పీరియడ్‌కు సారు రెండుసార్లు ఆలస్యంగా వచ్చారు. తాళం ఆయన దగ్గరే ఉన్నందున ఆడలేకపోయాం." కింద సంతకం పెట్టమని పుస్తకం తెచ్చి మా ముందు పెట్టింది. తనిఖీకి వచ్చే అధికారులు చూస్తారు, ఆ వాక్యం కొట్టేయించండి అని ఒక పెద్దాయన సలహా ఇచ్చారు.

మాకు అప్పుడు ఆక్స్‌ఫర్డ్ యూనియన్ సంగతి గుర్తొచ్చింది. 1933 ఫిబ్రవరిలో అక్కడి విద్యార్థులు, రాజు కోసం దేశం కోసం యుద్ధం చేయం అని 275-153 ఓట్లతో తీర్మానించారు. ఇంగ్లండ్ అంతా గగ్గోలు పెట్టింది. ఆ తీర్మానాన్ని పుస్తకంలోంచి తీసేయాలని కొందరు ప్రతిపాదన తెస్తే 750-138 ఓట్లతో అదే ఓడిపోయింది. ఆ తీర్మానం సరైనదా కాదా అన్నది వేరే చర్చ. పెద్దలకు నచ్చనిది రాసినందుకు పుస్తకం చించకూడదన్నది పిల్లలు నిలబెట్టిన మాట. ఆక్స్‌ఫర్డ్‌లో మనం తెచ్చుకోదగ్గది ఇదొక్కటే అయినా చాలు. దీనికి గడ్డి మైదానం అక్కర్లేదు, పడవ అక్కర్లేదు, ఖరీదైన కోటు అసలే అక్కర్లేదు.

ఆలస్యంగా వెళ్లిన మాట నిజం. మేము సంతకం పెట్టాం. స్టోర్ గది రెండో తాళంచెవి ఆ పిల్ల చేతికిచ్చి, ఇచ్చినట్టు ఆ పుస్తకంలోనే రాయించాం. ఈ వ్యాసం చదివే టీచర్లను మేము అడిగేది కూడా అంతే. మీ బడి తాళంచెవి ఎవరి దగ్గర ఉందో ఒకసారి చూసుకోండి. చదువుకునే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీ హాస్టల్లో సమావేశం పుస్తకం లేకపోతే ఒక నోటుబుక్కు తీసుకుని మీరే మొదలుపెట్టండి. మొదటి పేజీలో తేదీ, వచ్చినవాళ్ల పేర్లు రాయండి.