అయస్కాంతపు పూసలు పట్టినవి, విడిచినవి

కలగలసియున్న వందలకొలది ప్రోటీనులనుండి ఒక్కదానిని వేరుచేయుటకు నేడు ప్రయోగశాలలలో ప్రతిరక్షకపు పూతగల అయస్కాంతపు పూసలను విరివిగా వాడుచున్నారు. వీనిని గూర్చి చెప్పు పాఠములలోను, వ్యాసములలోను ఒకే చిత్రము మరల మరల కనబడును: గుండ్రని పూస, దానిపై పంగలకఱ్ఱవంటి ప్రతిరక్షకము, ఆ పంగకు చిక్కిన ప్రోటీను, ప్రక్కన అయస్కాంతము. చిత్రము తప్పు కాదు. కాని పూసలను తీసివేసిన పిమ్మట గొట్టములో మిగిలిన ద్రవము అందులో ఎన్నడును కనబడదు. నా అభ్యంతరము ముఖ్యముగా ఆ ద్రవమును గూర్చియే.

ముందు పూస సంగతి. 1976 ప్రాంతమున నార్వే దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు జాన్ ఉగెల్‌స్టాడ్ ఒకే పరిమాణముగల పాలిస్టైరీను గోళములను తయారుచేయు పద్ధతిని కనుగొనెను. తరువాత వానిలో ఇనుప ఆక్సైడు సూక్ష్మకణములను నింపిరి. ఇట్టి పూసల వ్యాసము సాధారణముగా 1 నుండి 5 మైక్రానుల వరకు ఉండును; అనగా మన ఎఱ్ఱ రక్తకణముకంటె చిన్నవి. లోపలి ఇనుప కణములు మిక్కిలి చిన్నవగుటచే, అయస్కాంతము చేరువనున్నంతసేపే పూసలు ఆకర్షింపబడును. దానిని తొలగించినంతనే ఒకదానికొకటి అంటుకొనక ద్రవములో చెదరిపోవును. వానిని పలుమార్లు కడుగుటకు వీలు కలిగించునది ఈ గుణమే. అయస్కాంతము లాగునది ఇనుమునే గాని ప్రోటీనును గాదు. ఏ ప్రోటీనును పట్టవలెనో నిర్ణయించునది ప్రతిరక్షకము. ఈ రెండు పనులను కలిపివేసి "అయస్కాంతముతో ప్రోటీనును లాగుదురు" అని వ్రాయుట విద్యార్థిని దారి తప్పించును.

(ప్రోటీనులకు మాంసకృత్తులను మాట మన పుస్తకములలో ఉన్నది. కాని ఇక ముందు నేను చెప్పబోవునది పాము విషమును గూర్చి. దానిని మాంసకృత్తు అనుటకు నోరు రాలేదు.)

2018 ఆగస్టులో దివిసీమలో పాముకాట్లు మెండుగా పెరిగి, అవనిగడ్డ ఆసుపత్రికి రోగులు వరుసగా వచ్చిరి. మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి ఆలయమున సర్పశాంతి యాగమును ప్రభుత్వము తలపెట్టెను. ఆసుపత్రిలో ఇచ్చు విరుగుడు మందు గుఱ్ఱముల రక్తమునుండి తీసిన ప్రతిరక్షకములే. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అను నాలుగింటి విషములను గుఱ్ఱములకు ఎక్కించి దానిని తయారుచేయుదురు. ఒక మిల్లీలీటరు మందు నాగుపాము విషమును 0.6 మిల్లీగ్రాములు, రక్తపింజర విషమును అంతే, తక్కిన రెండింటి విషములను 0.45 మిల్లీగ్రాముల చొప్పున విరువవలెనని ప్రమాణము. ఇందులకు కావలసిన విషము చాలకాలముగా ప్రధానముగా తమిళనాడులోని ఇరుళర్ల సహకార సంఘమునుండి వచ్చుచున్నది. ఆ సంఘము 1978లో ఏర్పడినది. అయితే ఒకే జాతి పాము విషము ప్రాంతమునుబట్టి మారుచుండును. నాగాయలంక పొలములలోని రక్తపింజర విషమును ఈ ప్రతిరక్షకములు ఎంతవరకు గుర్తుపట్టును? ఇది పూసలను అడుగదగిన ప్రశ్న.

అడుగు పద్ధతియు ఉన్నది. స్పెయిను దేశపు హువాన్ కాల్వేతే బృందము విరుగుడు మందును పూసలకు అతికించి, విషమును వానిమీదుగా పంపి, పట్టుబడినదానిని, విడిచిపోయినదానిని ప్రక్కప్రక్కన పరీక్షించు మార్గమును రూపొందించినది. వారు వాడినవి అయస్కాంతపు పూసలు కావు, అగరోజు పూసలు. సూత్రము మాత్రము ఒక్కటే. ఇక్కడ విడిచిపోయినదే అసలు ఫలితము. నాగుపాము విషములోని కొన్ని ప్రోటీనులు చాల చిన్నవి. వానిపై గుఱ్ఱపు శరీరము బలమైన ప్రతిరక్షకములను తయారుచేయదు. తూకములో స్వల్పమైన అట్టివే ఊపిరి ఆపగలవు. పట్టుబడిన శాతమును మాత్రము చూపి "మందు బాగుగా పనిచేయుచున్నది" అనుట ఈ కారణముచే ప్రమాదకరము.

అట్లని మిగిలినదంతయు మందు చేతగానితనమనియు అనరాదు. పూసలు తక్కువై విషము ఎక్కువైనచో, పట్టదగినది కూడ మిగిలిపోవును. పలు మోతాదులతో చేసి చూడక తీర్పు చెప్పుట తొందరపాటు. పట్టుబడినవానిలో కొన్ని పూస పైపొరకు ఊరక అంటుకొన్నవి కావచ్చును. అందుచే విషము ఎక్కింపని గుఱ్ఱపు ప్రతిరక్షకములతో అదే ప్రయోగమును జతగా చేయవలెను. ఈ జత ప్రయోగమును విడిచిన వర్ణనలు పెక్కు చదివితిని.

మఱియొక పొరపాటు పూతను గూర్చినది. స్టాఫిలోకాకస్ సూక్ష్మజీవినుండి లభించు ప్రోటీను-ఎ పూసిన పూసలు ఏ ప్రతిరక్షకమునైనను పట్టునని వ్రాయుదురు. అది ప్రతిరక్షకమును తోకవద్ద పట్టును. మన దేశపు విరుగుడు మందులోనున్నవి పెప్సినుతో తోక తెంచిన ముక్కలు. వానిని రసాయనికముగా నేరుగా పూసకు అతికింపవలసినదే.

అన్నిటికంటె పెద్ద సందేహము ఇది: పట్టుట వేఱు, విరుచుట వేఱు. విషపు ఎంజైము పనిచేయు చోటును వదలి ప్రతిరక్షకము దాని వీపున పట్టుకొన్నను పూసతోపాటు బయటికి వచ్చును. గొట్టములో ఈ భేదము తెలియదు. పట్టిన ఎంజైము కొవ్వును ఇంకను చీల్చుచున్నదా, రక్తము గడ్డకట్టు తీరును చెఱచుచున్నదా అని వేరుగా చూడవలెను. తుదకు ఎలుకలపై పరీక్షయు మిగులును. పూసల ప్రయోజనము వేఱొకటి: కొలది మైక్రోగ్రాముల విషముతోనే ఏ ప్రోటీనును అనుమానింపవలెనో అవి చూపును, ఎలుకల సంఖ్యను తగ్గించును. ఇది చిన్న మేలు కాదు.

మచిలీపట్నములోను గుడివాడలోను కళాశాలలు ఉన్నవి, విద్యార్థులు ఉన్నారు. కాని దివిసీమ పాముల విషమును సేకరించుట కళాశాల ప్రయోగము కాదు; 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద అనుమతి వలయును, విషము తీయుట నేర్చినవారు వలయును. తరగతిలో చేయదగినది ఒకటి కలదు: ఏదైన నిరపాయమైన ప్రోటీనుతో పూసల ప్రయోగము చూపునపుడు, పూసలనుండి దింపిన ద్రవమును, మొదటి గొట్టములో మిగిలిన ద్రవమును ఒకే జెల్‌పై ప్రక్కప్రక్కన నడిపి, రెండవ వరుసను ముందు చదివించుట.