చూపుకు వెలుతురు, బట్టకు నీడ

ఉద్యోగ విరమణ చేసి సొంత ఇంట్లో చేరే దంపతులు ఇంటిని అలంకరించుకునే తీరుకూ, పెళ్లైన కొత్తలో అద్దె ఇంటిని సర్దుకున్న తీరుకూ ఉన్న ముఖ్యమైన తేడా డబ్బులో కంటే కంటిచూపులోనే ఎక్కువ. వయసు పెరిగేకొద్దీ కంటిపాప చిన్నదై, లోపలి కటకం పసుపు బారుతుంది కాబట్టి, అరవై ఏళ్ల వ్యక్తి రెటీనాకు, అంటే కంటి లోపలి తెరకు, చేరే వెలుతురు ఇరవై ఏళ్ల వ్యక్తికి అందేదానిలో సుమారు మూడో వంతే ఉంటుంది. మరోవైపు, ఏళ్ల తరబడి బదిలీల మధ్య వాయిదా పడుతూ వచ్చిన కోరికను గ్రాట్యుటీ సొమ్ముతో తీర్చుకుంటూ ఆ దంపతులు గోడకు ఎక్కించే శ్రీకాళహస్తి కలంకారీ మాత్రం తనపై పడే వెలుతురు ఎంత తక్కువైతే అంత ఎక్కువ కాలం మన్నుతుంది. ఈ రెండు అవసరాలనూ ఒకే ఇంట్లో ఇమడ్చడమే ఈ వయసు గృహాలంకరణలో అసలైన పనితనం. కర్టెన్ల రంగు, సోఫా ఆకారం ఆ తర్వాతి విషయాలు.

కలంకారీలో పెడనది చెక్క అచ్చులతో అద్దే పద్ధతి కాగా, శ్రీకాళహస్తిది వెదురు కలంతో చేత్తో గీసే పద్ధతి. నూలు బట్టను కరక్కాయ పొడి కలిపిన పాలలో నానబెట్టి ఆరవేసిన తర్వాత, ఇనుప ముక్కలను బెల్లం నీటిలో పులియబెట్టగా వచ్చిన ద్రవంతో గీతలు గీస్తే, ఇనుము కరక్కాయలోని వగరు పదార్థంతో కలిసి నల్లబడుతుంది. పటిక పూసిన చోట ఎరుపు నిలుస్తుంది, నీలిమందు నీలాన్నిస్తుంది. ఈ రంగుల్లో అన్నిటికంటే త్వరగా వెలిసిపోయేది పసుపు. ఆకుపచ్చ కూడా నీలం మీద పసుపు వేయగా వచ్చేదే కనుక, పసుపు వెలిసిన కొద్దీ చిత్రంలోని ఆకులు నీలంగా మిగులుతాయి. పాత కోరమాండల్ అద్దకపు బట్టల్లో నీలి ఆకులు కనిపించడానికి చాలాసార్లు కారణం ఇదే తప్ప చిత్రకారుడి ఊహ కాదు. ఒక ఉపరితలంపై పడే వెలుతురును లక్స్ అనే ప్రమాణంతో కొలుస్తారు. మ్యూజియంలు ఇలాంటి బట్టలపై 50 లక్స్‌కు మించి పడనివ్వకూడదని నియమం పెట్టుకోగా, పత్రిక చదివే చోట 300 నుంచి 500 లక్స్ వరకు కావాలి. పైగా వెలుతురు చేసే నష్టం ఏ రోజుకా రోజు కలుస్తూ పోయేదే కానీ, తిరిగి పూడేది కాదు.

కలంకారీ ఇంటికి వచ్చిన వాళ్లందరికీ కనపడాలి కనుక బాల్కనీకి ఎదుటి గోడే సరైన చోటని దంపతుల్లో ఒకరు పట్టుబడతారు. అంత ఖరీదు పెట్టి కొన్నదాన్ని ఎండ పాలు చేయడమేమిటని రెండోవారు అంటారు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది కానీ, ఇంటి మొత్తానికీ ఒకే స్థాయి వెలుతురు ఉండాలనుకోవడం వల్లనే ఈ పేచీ తెగదు. కిటికీకి ఎదురుగా కాక, కిటికీ ఉన్న గోడ మీదే పక్కగా వేలాడదీసినా, పడకగదులకు వెళ్లే నడవలో పెట్టి చూసేటప్పుడు మాత్రమే దీపం వేసుకున్నా బట్ట బతుకుతుంది. చదువుకునే కుర్చీ పక్కన విడిగా ఒక దీపం ఉంటే కళ్లకూ కొరత ఉండదు. బట్టకు మేకులు కొట్టకుండా పైఅంచున గొట్టంలా కుట్టించి, అందులో కర్ర దూర్చి వేలాడదీయడం మేలు.

వెలుతురు పడితేనే అందం తెలిసే వస్తువు కూడా ఒకటుంది. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారులు మేక తోలును శుభ్రం చేసి, కాంతి దూరేంత పలుచగా ఆరబెట్టి, ఉలితో సన్నని రంధ్రాలు పొడిచి, రంగులు నింపుతారు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ పురస్కారం ప్రకటించారు. ఆటకు ప్రేక్షకులు తగ్గాక, అదే తోలుతో దీపాలకు గొడుగులు చేయడం వారికి ఒక జీవనాధారమైంది. బొమ్మలాటలో వెనక నుంచి దీపం ఉంటేనే రంగు కనిపించినట్లే, ఈ గొడుగులోనూ బల్బు వెలిగేదాకా బొమ్మ మూగగానే ఉంటుంది. పాత ఫిలమెంట్ బల్బు తాను తీసుకునే విద్యుత్తులో ఎక్కువ భాగాన్ని వేడిగా మారుస్తుంది కనుక తోలు ముడుచుకుపోతుంది. ఎల్ఈడీ బల్బుతో ఆ బెడద చాలావరకు ఉండదు. కలంకారీని వెలుతురుకు దూరంగా పెట్టి, చీకటి మూలకు ఈ దీపాన్ని తెచ్చుకుంటే హాలు వెలితిగా అనిపించదు. ఏటికొప్పాక బొమ్మలది ఇంకో నియమం: తరిణిపై తిరిగే అంకుడు కర్రకు లక్కను ఆనిస్తే, ఒరిపిడి వేడికి అది కరిగి పూత పడుతుంది, అందువల్ల వేడి తగిలే చోట వాటిని పెట్టరాదు. కొండపల్లి బొమ్మలకు అద్దాల అల్మారా చాలు. వరంగల్ జంపఖానాను నేలమీద వదులుగా పరచడం కాలు జారేందుకు దారి కనుక, దివాన్ మీద వేసుకోవడమే ఈ వయసుకు క్షేమం.

విరమణ సభలో అందిన జ్ఞాపికల సంగతి వేరు. వాటికి వెలుతురు భయమేమీ లేకపోయినా, హాలులో సగం అల్మారా వాటికే వదలడం న్యాయంగా తోచదు, ముఖ్యంగా ఏ జ్ఞాపికా అందని ఇంటిపని చేస్తూ అంతే కాలం గడిపిన భాగస్వామి ఆ ఇంట్లో ఉన్నప్పుడు.

ఇవన్నీ గృహప్రవేశం తర్వాత ఆలోచించవలసినవి అనుకోవడం మాత్రం పొరపాటు. కుర్చీ ఎక్కడ, బట్ట ఎక్కడ, తోలు దీపం ఎక్కడ అన్నది గోడలకు పుట్టీ పూయకముందే ఇద్దరూ తేల్చుకుని ఎలక్ట్రీషియన్‌కు చెబితే, నడవ దీపానికీ చదువు దీపానికీ వేర్వేరు స్విచ్చులు వస్తాయి. ఆలస్యమైతే కొత్త గోడను పగలగొట్టించాలి, లేదా ఎక్స్‌టెన్షన్ తీగను గది అడ్డంగా లాగి రోజూ దాన్ని దాటుతూ తిరగాలి.