మాదార చెన్నయ్య ఏ గణంలో పడతాడు?

పాల్కురికి సోమనాథుని బసవపురాణం గురించి మనవాళ్లు రాసినప్పుడల్లా కథే చెబుతారు. కరికాల చోళుని నైవేద్యం కాదని శివుడు మాదిగ చెన్నయ్య అంబలి తాగిన కథ. ఛందస్సును మాత్రం పంతుళ్లకు వదిలేస్తారు. అక్కడే మోసపోతున్నాం.

జనం పిలిచే ‘మాదార చెన్నయ్య’కు గురులఘువులు పెట్టి చూడండి. మా, దా గురువులు, ర లఘువు: తగణం. చెన్నయ్య కూడా తగణమే. ద్విపద పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. తగణం ఇంద్రగణమే కనుక ఈ పేరు సగం పాదాన్ని నిండుగా ఆక్రమిస్తుంది. యతిస్థానం మూడో గణం మొదలు. అంటే పాదం ఈ పేరుతో మొదలైతే రెండో సగం మాదిగ ‘మా’తో మైత్రి కలపాల్సిందే. ప్రాస ఇంకా గమ్మత్తు. రెండో అక్షరం ‘ద’, దాని ముందు గురువు. ‘వేదం’లోనూ అంతే. ఊళ్లో ఎదురుపడనివ్వని ఈ రెండూ ద్విపద ప్రాసలో ఎదురెదురుగా నిలబడగలవు.

ఇదే పేరును కందంలో పెట్టండి. కందానికి నాలుగు మాత్రల గణాలు కావాలి, ఇవి ఐదేసి మాత్రలు. ఎటు జరిపినా పడదు. ఉత్పలమాల, చంపకమాల పాదాల్లో రెండు గురువులు పక్కపక్కన రావు, అక్కడా పడదు. ‘మాదర చెన్నయ’ అని పేరు కురచ చేసుకుంటే కందం రానిస్తుంది. (శార్దూల మత్తేభాల్లో పూర్తి పేరుకు చోటుంది, దాచను.) ద్విపదకు రెండు రూపాలూ సమ్మతమే. పండితులు ద్విపదను ముసలి వేశ్యతో, దిడ్డివాకిలితో జతకట్టి చాటువు చెప్పుకున్నది ఊరికే కాదు. దిడ్డిలోంచి ఎవరొస్తారో వాళ్లకు తెలుసు.

ఇక పునరుక్తి. అలంకారశాస్త్రం దాన్ని దోషమంటుంది. వికారాబాదు పక్కన ధారూరులో ఏటా నవంబరులో మెథడిస్టు క్రైస్తవ జాతర జరుగుతుంది. కీర్తనలో చరణం వచ్చినవాడు పాడతాడు, రానివాడు పల్లవి దగ్గర అందుకుంటాడు. పుస్తకం పట్టని మనిషి పాటలోకి వచ్చే దారి అదే. అందరికీ అందాలనే సోమనాథుడూ జానుతెనుగునూ ద్విపదనూ ఎంచుకున్నాడు.

అట్లని సోమనాథుణ్ని నెత్తికెత్తుకోనక్కర్లేదు. చెన్నయ్య భక్తి శివుడు చెబితేగానీ రాజుకు తెలియలేదు. సగం పాదం దొరికింది, మాట మాత్రం శివునిది.

వికారాబాదు, తాండూరు కాలేజీల్లో తెలుగు చెప్పే మిత్రులకు ఒక మాట. భావిగి భద్రేశ్వరుని రథం లాగే తాండూరు దాటితే చెన్నయ్యను తలచుకునే కన్నడ సీమే. గణవిభజనకు ఎప్పుడూ రాముని పేరేనా? ఈ పేరు బోర్డు మీద రాసి కందంలో ఇరికించమని పిల్లలకు ఇవ్వండి. ఎందుకు పడలేదో వాళ్లనే చెప్పనివ్వండి.