అరుంధతి కంటే ముందు

చైత్ర వైశాఖాలు మనకు పెళ్లిళ్ల కాలం. ముహూర్తం రాత్రి ఏ పదింటికో పదకొండింటికో ఉంటుంది. తలంబ్రాలు అయ్యాక పురోహితుడు వధూవరులను బయటికి నడిపించి, చెయ్యెత్తి, ‘అదిగో అరుంధతి, దర్శించుకోండి’ అంటాడు. పైన షామియానా. చుట్టూ ఫంక్షన్ హాలు ఫ్లడ్‌లైట్లు. పెళ్లికొడుకు తలూపుతాడు, వీడియో అతను ఇంకోసారి చూడమంటాడు. ‘కనిపించిందా?’ ‘ఆ, కనిపించిందండీ.’ ఆలుమగలు కలిసి ఆడే మొదటి అబద్ధం ఇదేనని మా ఇంట్లో ఒక వేళాకోళం.

తమాషా ఏమిటంటే, ఈ రెండు నెలల్లో అరుంధతి నిజంగానే పైన ఉంటుంది. మార్గశిరంలో పెళ్లయితే అర్ధరాత్రి దాటాలి, శ్రావణంలో అయితే మబ్బులు. ఏప్రిల్, మే రాత్రుల్లో మాత్రం ఉత్తరాన సప్తర్షులు సగం ఆకాశానికి ఎక్కి కూర్చుంటారు. లైట్లు అయిదు నిమిషాలు ఆర్పగలిగితే చాలు, అబద్ధం అవసరం లేదు.

ఎలా చూపించాలో కూడా మన పెద్దలకు తెలుసు. దాన్ని స్థూలారుంధతీ న్యాయం అన్నారు. అరుంధతి సన్నని చుక్క, నేరుగా వేలు పెట్టి చూపిస్తే ఎవరికీ చిక్కదు. అందుకని ముందు దగ్గర్లో ఉన్న పెద్ద చుక్కను చూపి ‘అదే అరుంధతి’ అంటారు. చూపు అక్కడ కుదురుకున్నాక ‘అది కాదు, దాని పక్కది’ అంటారు. శంకరాచార్యులు బ్రహ్మసూత్ర భాష్యంలో ఈ ఉదాహరణ ఎత్తుకున్నది వేదాంత చర్చ కోసం. నాకు అంత దూరం అక్కర్లేదు. నక్షత్రాలు నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి పద్ధతి నేను చూడలేదు. ఖరీదైన టెలిస్కోపులున్న ఔత్సాహికులు కూడా ప్రపంచమంతటా ఇదే చేస్తారు: తెలిసిన పెద్ద చుక్క దగ్గర బయల్దేరి, పక్కదానికి, అక్కణ్నుంచి ఇంకో పక్కదానికి. ఫోన్ పైకెత్తితే పేర్లన్నీ తెర మీద రాసిపెడుతుంది, నిజమే. దించిన మరుక్షణం ఆ చుక్క ఏదో మళ్లీ మీకు తెలియదు.

కొలబద్ద మన దగ్గరే ఉంది. చెయ్యి బారుగా చాచి పిడికిలి బిగిస్తే అది ఆకాశంలో సుమారు 10 డిగ్రీలు. ఏప్రిల్ మధ్యలో రాత్రి తొమ్మిదికి డాబా ఎక్కి ఉత్తరానికి తిరిగితే, సప్తర్షుల్లో నలుగురు మంచం కోళ్లలా, మిగతా ముగ్గురు కుడివైపు వంగిన తోకలా కనిపిస్తారు. మంచం ఎడమ కొసన ఉన్న పులహుడి నుంచి క్రతువుకు గీత గీసి, ఆ గీతను అయిదింతలు పొడిగిస్తే ధ్రువ నక్షత్రం. అది ఎంత ఎత్తులో ఉంటే మీ ఊరి అక్షాంశం అంత. హైదరాబాదులో 17 డిగ్రీల పైచిలుకు, తిరుపతిలో పదమూడున్నర. రెండు పిడికిళ్లయినా లేదు కాబట్టి పక్కింటి వాటర్ ట్యాంకు చాలు, ధ్రువుణ్ని దాచేయడానికి.

తోకలో నడిమి చుక్క వశిష్ఠుడు. అతణ్ని ఆనుకుని అరుంధతి. టెలిస్కోపులో వశిష్ఠుడు ఒక్కడు కాదు, ఇద్దరు. 1617లోనే గెలీలియో శిష్యుడు కాస్టెల్లీ ఆ సంగతి గమనించాడు. ఆ ఇద్దరిలో ఒకరు మళ్లీ జంట అని 1889లో హార్వర్డ్‌లో పికరింగ్ వర్ణపటంలో పట్టుకున్నాడు. ఆ రెండోదీ జంటే. అరుంధతికీ ఒక చిన్న తోడు ఉందని 2009లో తేలింది. వెరసి ఆరు. ఆదర్శ దంపతులని మనం చూపించేది ఇంత పెద్ద ఉమ్మడి కుటుంబాన్ని.

ఇక ఆ తోక వంపును అలాగే కొనసాగించండి. చివరి చుక్క మరీచి నుంచి మూడు పిడికిళ్లు పోతే తూర్పు ఆకాశంలో నారింజ రంగు చుక్క ఒకటి చూపును ఆపేస్తుంది. స్వాతి. స్వాతి వానకు ముత్యపుచిప్పలు నోరు తెరుస్తాయని అందరికీ తెలుసు కదా, కానీ స్వాతిని చూసినవాళ్లు మన వీధిలో ఎందరుంటారు? స్వాతి కార్తె అక్టోబరు చివర వస్తుంది, అప్పుడు సూర్యుడు ఆ దిక్కునే ఉంటాడు. రాత్రంతా తీరిగ్గా చూడాలంటే ఇదే అదను. మనకు 37 కాంతి సంవత్సరాల దూరం, అడ్డంగా కొలిస్తే మన సూర్యుడికి పాతిక రెట్లు. 1933లో షికాగో ప్రదర్శన దీపాలను ఈ నక్షత్రపు వెలుగుతో వెలిగించారు. టెలిస్కోపుతో పట్టి, ఫొటో సెల్ మీద వేసి, అందులో పుట్టిన కరెంటుతో మీట నొక్కించారు. దూరం 40 కాంతి సంవత్సరాలని అప్పటి అంచనా. అంటే 1893లో అదే ఊళ్లో ప్రదర్శన జరిగినప్పుడు బయల్దేరిన వెలుగు ఇప్పుడు వచ్చి దీపం పెట్టిందని మురిసిపోయారు. లెక్క మూడేళ్లు తప్పింది. అంత చక్కటి ఊహకు ఆ మాత్రం మాఫీ చేయొచ్చు.

అదే వంపులో ఇంకో మూడు పిడికిళ్లు దాటితే ఆగ్నేయంలో చిత్త. తెలుపులో నీలం కలిసిన రంగు. స్వాతినీ చిత్తనూ మార్చి మార్చి చూస్తే నక్షత్రాలకు రంగులుంటాయని ఎవరూ చెప్పనక్కర్లేదు. చైత్ర మాసానికి పేరు పెట్టింది ఈ చుక్కే, ఆ నెల నిండు చంద్రుడు దీని దరిదాపుల్లో ఉంటాడు కాబట్టి. పౌర్ణమి నాడు నక్షత్రాలు చూడబోవడం దండగ అని నా అభిప్రాయం, ఒక్క చైత్ర పౌర్ణమికి మినహాయింపు ఇస్తాను. ఏ పంచాంగం సరైనదన్న తగువులోనూ చిత్తకు పాత్ర ఉంది. మేఘనాథ్ సాహా అధ్యక్షతన 1952లో కేంద్రం వేసిన పంచాంగ సంస్కరణ సంఘం రాశిచక్రానికి మొదలు ఎక్కడో తేల్చేటప్పుడు, చిత్తకు ఎదుటి బిందువు నుంచి లెక్కించే పద్ధతినే పట్టుకుంది. జాతకాలు వేసేవాళ్లలో చాలామంది ఆ లెక్కే వాడతారు. వాళ్లలో ఎందరు డాబా ఎక్కి ఆ చుక్కను చూశారో అడిగితే బాగోదు.

చిత్తకు కాస్త పైగా, కుడిపక్కన, చిన్న చతురస్రంలాంటి నాలుగు చుక్కలు హస్త. నడినెత్తికి వస్తే మఖ. దాని నుంచి ఉత్తరంగా వంగిన చుక్కల వరుస అచ్చం కొడవలి, మఖ దాని పిడి. తూర్పుకు వెళితే పుబ్బ, ఉత్తర. అంటే మఖ నుంచి చిత్త, స్వాతుల దాకా కార్తెల పేర్లన్నీ ఒక్క చూపులో పరుచుకుని ఉంటాయన్నమాట. చలికాలంలో మనం చూసి మురిసిపోయే గొల్లకావడి అప్పటికి పడమట దిగిపోతూ ఉంటుంది, పిల్లలకోడి దాని కంటే ముందే. ఈ వరుసలో లెక్కకు రాని చుక్క ఒకటి మినుకుమనకుండా నిలకడగా వెలుగుతుంటే అది గ్రహం. మఖ, చిత్త రెండూ సూర్యుడి బాట పక్కనే కాబట్టి గ్రహాలు వాటి వాకిట్లోంచే పోతుంటాయి.

టెలిస్కోపు కొనాలా అని ఉత్తరాలు వస్తుంటాయి. వద్దు, ఇప్పుడే వద్దు. ఏడింతలు పెద్దది చేసి చూపే, 50 మిల్లీమీటర్ల కటకమున్న బైనాక్యులర్స్ కొనండి. మఖకు పడమట పుష్యమి ఉంది. కంటికి చిన్న మసక. అదే బైనాక్యులర్స్‌లో చుక్కల గుంపు. 1610లో గెలీలియో తన కొత్త దుర్భిణిని దాని మీదికి తిప్పి, మసక అనుకున్నది నలభై దాకా నక్షత్రాలని రాశాడు. ఈ కాలపు ఆకాశం కొంచెం బోడిగా కనిపిస్తుందని కొందరికి అసంతృప్తి. కారణం ఉంది. సాయంత్రాలు మనం చూస్తున్నది పాలపుంత అంచు వైపు కాదు, దాని బల్లపరుపు నుంచి బయటికి. అడ్డు తక్కువ. అందుకే పెద్ద టెలిస్కోపులున్నవాళ్లు ఉత్తరకూ చిత్తకూ నడుమ అయిదు కోట్ల కాంతి సంవత్సరాలకు పైగా దూరంలో ఉన్న గెలాక్సీల గుంపు కోసం ఈ నెలలకే కాచుకుంటారు. మనం ఆ చోటు ఎక్కడో తెలుసుకుంటే చాలు ప్రస్తుతానికి.

ఈ పిచ్చి మనకు కొత్తదేం కాదు. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840లోనే సొంత డబ్బుతో వేధశాల కట్టుకున్నాడు. ఆ తర్వాత దాన్ని నడిపిన అంకితం వెంకట నర్సింగరావు 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా నడవడాన్ని అక్కణ్నుంచి చూసి నమోదు చేశాడు.

ఇక దక్షిణం. ఇక్కడ మనది అదృష్టం. మే మధ్యలో రాత్రి పదికి చిత్త దక్షిణాన ఎత్తుగా నిలబడుతుంది. దాని నుంచి నిట్టనిలువుగా కిందికి మూడున్నర పిడికిళ్లు దిగితే ఊరి వెలుగులు లేనిచోట మసకబారిన చుక్క ఒకటి. చుక్క కాదు, కోటి దాకా నక్షత్రాల ముద్ద, పేరు ఒమేగా సెంటారీ. 17 వేల కాంతి సంవత్సరాల దూరం. హైదరాబాదులో అది 25 డిగ్రీల ఎత్తుకు వస్తుంది, లండన్‌వాళ్లకు అసలు ఉదయించదు. మరింత కిందికి, కాస్త కుడికి, దిగంతానికి ఒక పిడికిలి ఎత్తున త్రిశంకుడు. అనంతగిరి కొండల మీదో హార్స్‌లీ హిల్స్‌లోనో దక్షిణం వైపు చెట్లు అడ్డం లేని చోటు వెతుక్కోవాలి. చీకటికి కన్ను అలవాటు పడడానికి అరగంట పడుతుంది. ఈలోగా ఒక్క సెల్‌ఫోన్ వెలిగినా లెక్క మళ్లీ మొదటికి.

మా మేనకోడలు డాలస్‌లో ఉంటుంది. అక్కడ ధ్రువుడు 33 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. ‘మీకంటే దాదాపు రెట్టింపు, మామయ్యా’ అని గొప్పలు పోయింది. ‘త్రిశంకుడేడీ?’ అన్నాను. లేడు. ఒమేగా సెంటారీ కూడా ఆమెకు చెట్ల కొమ్మల్లోనే తిరుగుతుంది. మే నెలలో సెలవు పెట్టి వస్తానంది. అమావాస్య చూసి టికెట్ కొనుక్కోమన్నాను, మృగశిర కార్తె దాకా ఆగితే మబ్బులు మొదలవుతాయి. టెలిస్కోపేమైనా తేవాలా అని అడిగింది. బైనాక్యులర్స్ ఇక్కడే ఉన్నాయి, ఫోన్ మాత్రం కింద గదిలో వదిలి రావాలని షరతు పెట్టాను. ఇంకా ఒప్పుకోలేదు.