పిడి మారితే ఆట మారిపోతుంది

‘ముస్తఫా గేమ్’ అంటే చాలు, తొంభైలలో పెరిగిన కుర్రాళ్లకు ఇంకేం చెప్పక్కర్లేదు. జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ 1993లో తెచ్చిన ఆ ఆట అసలు పేరు ‘క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్’. అందులో ముస్తఫా కైరో ఒక పాత్ర. మన ఊళ్లలో ఆ పాత్ర పేరే ఆట పేరైపోయింది. ఇంటికి కంప్యూటరు, చేతికి ఫోను వచ్చాక వీడియో గేమ్ షాపులు మూతపడ్డాయి. మిగిలిన గేమ్ పెట్టెలు ఏ గోడౌన్ మూలనో చెమ్మ పట్టిపోతున్నాయి.

అలాంటి పెట్టెను బాగుచేద్దామని కూర్చున్నవాళ్లు చాలామంది మొదట జాయ్‌స్టిక్ పీకి పారేస్తారు. కొత్తది చవకగా దొరుకుతోంది కదా అని! తెర, బోర్డు, రంగు అన్నీ పాతవే ఉంచి స్టిక్ ఒక్కటి మార్చినా, చేతికి తగిలే ఆట మాత్రం వేరే అయిపోతుంది.

ఎందుకంటే ప్రతి ఆటనూ ఒక స్టిక్‌ను దృష్టిలో పెట్టుకునే తయారుచేశారు. 1980 నాటి ప్యాక్‌మ్యాన్‌కు నాలుగు దిక్కులే. దానికి ఎనిమిది దిక్కుల స్టిక్ బిగిస్తే మూలకు తోసినప్పుడు రెండు స్విచ్‌లు ఒకేసారి కలుస్తాయి. మలుపు దగ్గర ప్యాక్‌మ్యాన్ తడబడి దెయ్యానికి చిక్కుతాడు. 1982 నాటి క్యూబర్ట్‌లో గెంతులన్నీ ఐమూలగా ఉంటాయి కాబట్టి స్టిక్‌నే ఐమూలగా బిగించారు. అదే ఏడాది వచ్చిన రోబోట్రాన్‌లో ఒక చేత్తో నడవాలి, రెండో చేత్తో కాల్చాలి. అందుకే దానికి రెండు స్టిక్‌లు.

పాత స్టిక్ లోపల ఉండేది లీఫ్ స్విచ్. రెండు పల్చటి లోహపు రేకులు, వాటి కొసల్లో చిన్న కాంటాక్టులు. పిడి వంచితే ఒక రేకు వెళ్లి రెండోదాన్ని తాకుతుంది. చప్పుడు ఉండదు, మెత్తగా ఉంటుంది. తర్వాత వచ్చిన మైక్రోస్విచ్ డబ్బీలో మూసి ఉంటుంది, నొక్కితే ‘టిక్’మంటుంది.

బాగుచేయడం ఫొటోతో మొదలవ్వాలి. ఏ వైరు ఎక్కడుందో విప్పకముందే తీసిపెట్టుకోవాలి. ప్లగ్గు పీకాలి. అయినా పిక్చర్ ట్యూబు జోలికి పోకూడదు. కరెంటు తీశాక కూడా అందులో వేల వోల్టులు నిలిచి ఉండొచ్చు. స్టిక్ కింద కడ్డీకి పట్టి ఉండే చిన్న లాక్‌ను సన్న స్క్రూడ్రైవర్‌తో తీసేటప్పుడు రెండో చెయ్యి అడ్డం పెట్టుకోవాలి. లేకపోతే ఎగిరిపోయి మళ్లీ దొరకదు. వాషర్లు, స్ప్రింగు ఏ వరసలో వస్తే ఆ వరసలోనే గుడ్డ మీద పేర్చుకోవాలి.

అసలు పనితనం కాంటాక్టుల దగ్గర కనిపిస్తుంది. స్టిక్ వైర్లలో ఉండేది 5 వోల్టులే. నల్లబడిన పొరను చీల్చుకుని పోయే సత్తువ దానికి లేదు. అందుకే కంటికి ఆనని మురికి పట్టినా ఎడమకు తోస్తే పోదు, కుడికి తోస్తే ఆగి ఆగి కదులుతుంది. అలాగని ఆకురాయి పట్టుకోకూడదు. పిన్‌బాల్ ఫ్లిప్పర్లలో వాడే టంగ్‌స్టన్ కాంటాక్టులు ఆ రాపిడికి తట్టుకుంటాయి. బంగారు పూత ఉన్నవి తట్టుకోవు, పూత పోతే కాంటాక్టు పోయినట్టే. సెల్‌ఫోన్ రిపేరు షాపుల్లో వాడే ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్)లో ముంచిన కాగితపు ముక్కను రెండు రేకుల మధ్య పెట్టి, మెల్లగా అదిమి లాగితే చాలు. మురికి కాగితానికి అంటుకుని వచ్చేస్తుంది. తర్వాత రేకును కొద్దికొద్దిగా వంచి ఎడం సరిచూడాలి. ఎడం ఎక్కువైతే స్టిక్ బద్ధకిస్తుంది, తక్కువైతే ముట్టుకోకుండానే పాత్ర నడిచిపోతుంది. నాలుగు దిక్కులకూ ఒకే ఎడం ఉందో లేదో మల్టీమీటరు బీప్‌తో చూసుకోవచ్చు.

మన కొల్లేరు సరస్సు చుట్టుపక్కల అయితే మరో శత్రువు చెమ్మ. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య నీళ్లూ చేపల చెరువులూ కలిసిన నేల ఇది. ఇనప పలక, స్ప్రింగు తొందరగా తుప్పు పడతాయి. పైపైన తుప్పును సన్న ఎమెరీ కాగితంతో తీసి, పల్చగా మిషన్ నూనె తుడవాలి. ప్లాస్టిక్ బుడిపె తిరిగే చోట మాత్రం మామూలు గ్రీజు వద్దు, సిలికాన్ గ్రీజు వాడాలి. నూనెను కాంటాక్టుల దరిదాపుల్లోకి రానివ్వకూడదు. మైక్రోస్విచ్ స్టిక్ అయితే పాడైన స్విచ్ ఒక్కటే మార్చొచ్చు. కొత్తదాని మీట పొడవు, నొక్కుడు బరువు పాతదానితో సరిపోవాలి. తీసేసిన పాత భాగాన్ని కూడా చీటీ కట్టి పెట్టె లోపలే ఉంచడం మంచి అలవాటు.

ఇంత శ్రమ ఎందుకని అడిగేవాళ్లకు లోకం ఎప్పుడో జవాబు చెప్పింది. అమెరికాలో రోచెస్టర్ నగరంలోని స్ట్రాంగ్ మ్యూజియం ఇలాంటి యంత్రాలను చరిత్రగా దాస్తోంది. 2015లో అది మొదలుపెట్టిన వీడియో గేమ్ గౌరవ జాబితాలో తొలి ఏడాదే పాంగ్, ప్యాక్‌మ్యాన్ చేరాయి. స్కోరు రికార్డులు నమోదుచేసే ట్విన్ గెలాక్సీస్ సంస్థ అసలు యంత్రం మీద ఆడిన స్కోర్లను, కంప్యూటర్ అనుకరణ మీద ఆడినవాటిని వేరువేరుగా లెక్కిస్తుంది. ఆట అంటే తెర మీది బొమ్మ ఒక్కటే కాదు, చేతికింది బరువు కూడా అని ఒప్పుకున్నట్టే కదా!

మన దగ్గర ఈ పనికి కావలసిన చేతులు లేక కాదు. ఏలూరు, తాడేపల్లిగూడెం బజార్లలో మిక్సీలు, మోటార్లు, రేడియోలు విప్పి బిగించే మెకానిక్‌లకు ఇది కొత్త విద్యేమీ కాదు. టంకం, స్ప్రింగు, కాంటాక్టు వాళ్లకు రోజూ ఉండేవే. తాడేపల్లిగూడెంలో 2015 నుంచి ఇంజినీరింగ్ విద్యాసంస్థ నిట్ ఉంది. అక్కడి విద్యార్థులు ఒక పాత పెట్టెను ముందేసుకుని ఈ మెకానిక్‌ల పక్కన కూర్చుంటే పుస్తకంలో లేని పాఠం దొరుకుతుంది.

మీ ఇంట్లోనో, తెలిసినవాళ్ల షెడ్డులోనో అలాంటి పెట్టె ఉంటే పాత ఇనుము కింద తూకానికి వెయ్యకండి. ముందు స్టిక్ విప్పి చూడండి. చాలాసార్లు దానికి కావలసింది కొత్త భాగం కాదు, ఓ కాగితం ముక్క, కాసింత ఐపీఏ, కాస్త ఓపిక.