కాటా ఎవరిది? మగ్గం ఎవరిది?

సాంకేతిక విజ్ఞానం గురించి జనం తీరిక వేళల్లో చేసుకొనే పిచ్చాపాటీ సాహిత్య విమర్శకు తగిన వస్తువు కాదని మన విమర్శకులలో చాలామంది భావన. నేనలా అనుకోను. కావ్యాన్నీ కథానికనూ ముందు పెట్టుకొని మనం వేసే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఇందులో ఎవరి జీవితం ఉన్నది? ఎవరి దృక్పథం ఉన్నది? ఏ మాట బిగ్గరగా పలికింది, ఏ మాట గొంతులోనే ఆగిపోయింది? ఇవే ప్రశ్నలు టీ హోటలు బల్ల మీద సాగే సంభాషణకూ వర్తిస్తాయి. తన కాలపు పనిముట్లను గురించి ప్రజ ఏ భాషలో మాట్లాడుకొంటున్నదో తెలియకుండా ఆ ప్రజ చైతన్యాన్ని గురించి ఉపన్యాసాలివ్వడం గాలిలో మేడ కట్టడమే.

ఆదోనిలో, ఎమ్మిగనూరులో నేను ఏళ్ళ తరబడి వింటున్న మాటలను బట్టి ఈ వ్యాసం వ్రాస్తున్నాను. ఒకటి పత్తి బజారు ఉన్న ఊరు, రెండవది మగ్గాల ఊరు. రెండూ కర్నూలు జిల్లా పడమటి కొసన, సుగ్గికి వలస పోయే పల్లెల నడుమ ఉన్నాయి. గుంటూరు వైపు మిరపకోతకు వెళ్ళిన కుటుంబం ఇంటిలోని ముసలివాళ్ళ యోగక్షేమం కనుక్కొనేది ఫోనులోనే, కూలి డబ్బు పంపేది ఫోనులోనే. కనుక ఇక్కడ ఫోను విలాసవస్తువు కాదు. కొడవలి వంటి పనిముట్టు.

ఇంత అవసరమైన వస్తువును గురించి నడిచే మాటలు ప్రధానంగా మూడు దారులు పట్టాయి. మొదటిది ధర దారి. "దుడ్లెంతన్నా?" అన్నదానితో మొదలై, ఇంకో ఐదు వందలు తక్కువకు ఎక్కడ దొరుకుతుందన్న దానితో ముగుస్తుంది. రెండవది అద్భుతాల దారి. కృత్రిమ మేధ కవిత్వం చెబుతుందట, జాతకం చెబుతుందట, రేపు మనిషితో పనే ఉండదట. పాత మహిమల కథలకు ఇది కొత్త వేషం. మూడవది వీరగాథల దారి. హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ళ 2014లో మైక్రోసాఫ్టు సంస్థకు ప్రధానాధికారి అయినప్పుడు మన బల్లల మీద జరిగిన సందడి నాకు గుర్తున్నది. మనవాడు పెద్ద పదవికి వచ్చినందుకు సంతోషించడంలో తప్పు లేదు. అయితే సింహాసనం మీద కూర్చున్నవాడు మనవాడైనంత మాత్రాన రాజ్యం మనదవుతుందా అన్న ప్రశ్న ఆ సందడిలో ఎవరికీ వినిపించలేదు.

ధర, అద్భుతం, వీరుడు. ఈ మూడింటిలోనూ లోపించినది ఒక్కటే: యాజమాన్యం ప్రశ్న. ఈ వస్తువు ఎవరి ఆజ్ఞకు లోబడి పనిచేస్తున్నది? దాని లోపలి నడక చూడగల హక్కు ఎవరికి ఉన్నది? చెడిపోతే బాగుచేసుకొనే హక్కు ఎవరికి ఉన్నది?

ఈ ప్రశ్న వేసే తెలివి జనానికి లేదనుకొంటే అది విమర్శకుడి అహంకారం తప్ప మరొకటి కాదు. ఆదోని మార్కెట్ యార్డులో సరుకు కాటా మీదికి ఎక్కినప్పుడు రైతు కళ్ళు ఎక్కడ ఉంటాయో చూడండి. కాటా మీదనే ఉంటాయి. తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్నదా, సరుకు ఎక్కకముందు కాటా సున్నా చూపిందా అని అతడు గమనిస్తాడు. కాటాకు తెరకట్టి, "లోపల తూచినాము, ఇంత వచ్చింది, నమ్ము" అంటే ఏ రైతూ ఒప్పుకోడు.

అటువంటి తెర ఒకటి ఇటీవల అతని ఎదుటికి వచ్చింది. 2025–26 పత్తి కాలంలో మద్దతు ధరకు అమ్మదలచిన రైతు 'కపాస్ కిసాన్' అనే ఆప్‌లో పేరు నమోదు చేసుకోవాలని భారత పత్తి సంస్థ నియమం పెట్టింది. పొడుగు పింజ పత్తికి ఆ ఏటి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. ఆ ధరకూ రైతుకూ మధ్య ఒక సాఫ్టువేరు నిలబడింది. దళారులను తప్పించడానికి ఇటువంటి ఏర్పాట్లు పనికి వస్తాయనడాన్ని నేను కాదనను. కాని బల్లల మీద నాకు వినిపించిన మాటలు 'ఆప్ తెరుచుకోలేదు', 'ఓ.టి.పి. రాలేదు' అన్నంత వరకే ఆగిపోయాయి. వంతును తేల్చే నియమాన్ని బయటివాడు పరీక్షించడానికి వీలున్నదా అని అడిగినవాణ్ణి నేను చూడలేదు. కాటాను నిలదీసిన నోరే ఇక్కడ మూగపోయింది. సాఫ్టువేరు కూడా ఒక కాటాయేనని చెప్పే మాట ఆ నోటికి అందకపోవడమే దీనికి కారణం.

అటువంటి మాట లోకంలో లేక కాదు. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అనే పథకాన్ని ప్రకటించాడు. సాఫ్టువేరును ఏ పనికైనా వాడుకొనే స్వేచ్ఛ, దాని సోర్సు కోడును చదివే స్వేచ్ఛ, పదిమందికి పంచే స్వేచ్ఛ, మార్చి మెరుగు చేసే స్వేచ్ఛ మనిషికి ఉండాలన్నది ఆ ఉద్యమ సారాంశం. 1989లో అతడు ప్రకటించిన లైసెన్సు మరొక అడుగు ముందుకు వేసింది. తీసుకొన్నదాన్ని మార్చి పంచేవాడు తాను పొందిన స్వేచ్ఛనే ఇతరులకు ఇచ్చి తీరాలన్నది. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్స్ ఆ లైసెన్సు నీడలోనే పెరిగింది. ఈ రోజు మన టీ బల్లల మీద పెట్టి ఉన్న ఆండ్రాయిడ్ ఫోనులన్నింటి గుండెకాయ ఆ లినక్సే.

ఇంగ్లీషులో 'ఫ్రీ' అనే ఒక్క మాటకే వెల లేనిదనీ, బంధం లేనిదనీ రెండర్థాలు ఉన్నందువల్ల అక్కడివాళ్ళు తికమక పడ్డారు. తెలుగుకు ఆ ఇబ్బంది లేదు. మనకు 'ఊరికే' వేరు, 'స్వేచ్ఛ' వేరు. తెలుగులో లినక్సును తయారుచేయడానికి హైదరాబాదు కేంద్రంగా పూనుకొన్న సంస్థ 'స్వేచ్ఛ' అన్న పేరునే పెట్టుకొన్నది. అయినా మన పిచ్చాపాటీలో గెలిచిన మాట 'ఊరికే'. "ఊరికే వస్తాంటే ఇంకేమడగాల?" అంటారు. ఊరికే వచ్చిన వస్తువుకు వెల లేకపోవచ్చు గాని, యజమాని ఉంటాడు. ఈ తేడాను చెరిపివేసిన సంభాషణ ఎంత సరదాగా సాగినా, అది అప్రయోజనమే గాక హానికరం కూడా.

ఈ తేడా ఎమ్మిగనూరు నేతగాడికి కొత్తగా నేర్పవలసినది కాదు. షావుకారు దగ్గర నూలు తెచ్చుకొని, నేసిన గుడ్డ అతనికే అప్పజెప్పి, కూలి పుచ్చుకొనే పద్ధతిలో నూలు ఊరికే వచ్చినట్టే కనిపిస్తుంది. ఆ 'ఊరికే' వెనుక ఉన్న కట్టుబాటు ఎంతటిదో అనుభవించినవాడికి తెలుసు. 1938లో మాచాని సోమప్ప పూనికతో ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘం ఏర్పడింది. 1954లో సోమప్పకు పద్మశ్రీ లభించింది. ఆ సంఘం వెనుక ఉన్న ఆలోచనను నేను ఇలా అర్థం చేసుకొన్నాను: నూలూ అమ్మకమూ నేతగాళ్ళందరి ఉమ్మడి సొత్తయితే తప్ప నేతగాడు తన పనికి తాను యజమాని కాలేడు. స్వేచ్ఛా సాఫ్టువేరు ఉద్యమం చెప్పేదీ ఇంచుమించు ఇదే. ఈ పోలికను ముందు పెట్టి మాట్లాడితే ఎమ్మిగనూరు నేతగాడికి సోర్సు కోడు అంటే ఏమిటో అరగంటలో బోధపడుతుంది.

నిజానికి అతని వృత్తిలోనే సోర్సు కోడు ఉన్నది. 1804 ప్రాంతాల ఫ్రాన్సులో జకార్డు మగ్గానికి చిల్లులు పొడిచిన అట్టలు తగిలించాడు. ఏ పోగు లేవాలో, ఏ పోగు అణగాలో ఆ చిల్లులు చెబుతాయి. గణనయంత్రానికి ఆజ్ఞలు ఇచ్చే ఉపాయాన్ని ఇంగ్లండులో బాబేజీ ఆ అట్టలనుంచే గ్రహించాడు. మన పొరుగునున్న ధర్మవరంలో పట్టుచీర అంచులు నేసే మగ్గాల మీద ఆ అట్టల దండలు వేలాడుతూ ఉంటాయి. పని తెలిసినవాడు అట్టను చేతిలోకి తీసుకొని చదవగలడు. చిల్లు తప్పుగా పడితే మరొక అట్ట కొట్టగలడు. నమూనా మార్చాలంటే మార్చగలడు. ఆ అట్టలను ఇనుప పెట్టెలో వేసి, తాళంచెవి సముద్రాల అవతల ఒకరి దగ్గర ఉంచితే నేతగాడి గతి ఏమవుతుంది? మూసిన సాఫ్టువేరు అంటే అదే.

ఇది ఊహ కాదు. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ప్రపంచ వార్త అయింది. 'జ్ఞానం' అన్న మాటలోని 'జ్ఞా' అది. జ, పొల్లు, ఞ, ఆ తరువాత కంటికి కనిపించని ఒక విభజక చిహ్నం, చివర దీర్ఘం అనే వరుసలో ఆ అక్షరం ఐఫోనుకు సందేశంగా అందితే, సందేశాలు చూపే ఆప్ కూలిపోయేది. జ్ఞానాన్ని భరించలేని ఫోను అని మన బల్లల మీద నవ్వుకొన్నారు. వార్త వ్యాపించిన కొద్ది రోజులకే, ఫిబ్రవరి 19న, ఆపిల్ సంస్థ 11.2.6 అనే సవరణ విడుదల చేసి లోపాన్ని సరిదిద్దింది. వేగంగానే సరిదిద్దింది, ఒప్పుకొంటాను. నా ఆక్షేపణ వేగాన్ని గురించి కాదు. అక్షరం తెలుగువాళ్ళది. దాన్ని తెరమీద పేర్చే సాఫ్టువేరు లోపలికి తొంగిచూచే హక్కు తెలుగువాళ్ళలో ఎంత నిపుణుడికీ లేదు. కోట్లమంది మాట్లాడే భాష తన అక్షరం కోసం దరఖాస్తు పెట్టుకొని గుమ్మం దగ్గర నిలబడింది. అదే అక్షరాలను పేర్చే హార్ఫ్‌బజ్ అనే స్వేచ్ఛా సాఫ్టువేరు ఆండ్రాయిడులోనూ ఫైర్‌ఫాక్సులోనూ పనిచేస్తున్నది. దాని సోర్సు అందరి ఎదుటా ఉన్నది. చదవగలిగినవాడు చదవవచ్చు, సవరణ పంపవచ్చు.

రచయితలకు ఈ సంగతి మరింత దగ్గరగా తగలాలి. డి.టి.పి. వచ్చిన కొత్తలో ఒక్కొక్క వ్యాపారి ఒక్కొక్క ఫాంటుకు తన సొంత సంకేతాన్ని పెట్టుకొన్నాడు. ఆ ఫాంటు లేని చోట తెలుగు పేజీ తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గుంపు కనిపించేది. ఒక ప్రెస్సులో అలా కూర్చిన నా పాత వ్యాసాల సి.డి. నా దగ్గర ఇంకా ఉన్నది. అచ్చయిన కాగితమే దిక్కు, సి.డి. నాకు పనికిరాదు. యూనికోడు వచ్చి అన్ని యంత్రాలకూ ఒకే సంకేతం ఏర్పడిన తరువాత కూడా పాత రాశి అంతా చీకటిలోనే ఉండిపోయేది. వెన్న నాగార్జున 'పద్మ' అనే సాధనాన్ని వ్రాసి, ఆ రకరకాల సంకేతాలను యూనికోడులోకి మార్చే దారి చూపి, దాన్ని స్వేచ్ఛగా లోకానికి వదిలాడు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు శ్రీకారం చుట్టినదీ ఆయనే. సిలికానాంధ్ర సంస్థ గిడుగు, గురజాడ పేర్లతో విడుదల చేసిన ఫాంటులు కూడా ఎవరైనా వాడి, పంచి, మార్చుకొనే లైసెన్సు కిందనే ఉన్నాయి. వాడుకభాషను పండితుల గుప్పిటనుంచి విడిపించినవారి పేర్లు ఈ అక్షరాలకు పెట్టడం కంటె సముచితమైన పని నాకు కనిపించదు. మన సాహిత్య చరిత్రలో ముద్రాపకుల సేవను వ్రాస్తాము. ఈ సేవను ఎందుకు వ్రాయకూడదు?

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. సోర్సు తెరిచి పెట్టినంత మాత్రాన న్యాయం జరిగిపోతుందా? జరగదు. ఆండ్రాయిడు గుండెలో లినక్సు ఉన్నా, దాని మీద తయారీదారులు వేసిన తాళాలు అనేకం. స్వచ్ఛందంగా వ్రాసినవాడి శ్రమ మీద మహా సంస్థలు కోట్లు గడిస్తున్నాయి. 2024 మార్చిలో బయటపడిన ఎక్స్‌జెడ్ ఉదంతం దీనికి నిదర్శనం. లోకంలోని అనేక కంప్యూటర్లు ఆధారపడిన ఆ చిన్న సాఫ్టువేరును ఏళ్ళ తరబడి ముఖ్యంగా ఒక్క మనిషి జీతం లేకుండా కాపాడుకొస్తున్నాడు. అలసిన ఆ మనిషికి సాయం చేస్తానని మారుపేరుతో చేరినవాడు రెండేళ్ళకు పైగా నమ్మకం సంపాదించి, అందులో దొంగదారి పెట్టాడు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన యంత్రం అరసెకను ఆలస్యంగా జవాబిస్తున్నదని గమనించి, తవ్వి తీయబట్టి పెద్ద ప్రమాదం తప్పింది. తలుపు తెరిచి ఉండటం వల్ల అతడు లోపలికి చూడగలిగాడు. కావలికి మనిషి లేకపోవడం వల్ల దొంగ కూడా రాగలిగాడు. సహకార సంఘాలను చూచినవాళ్ళకు ఈ పాఠం కొత్త కాదు. బోర్డు మీద సంఘం అని వ్రాసినంతలో సరిపోదు. సభ్యుడు సమావేశానికి రావాలి, లెక్క అడగాలి, పనిచేసినవాడికి ప్రతిఫలం ముట్టాలి. ఉమ్మడి సొత్తు ఉమ్మడి కాపలా లేకుండా నిలవదు. ఇది స్వేచ్ఛా సాఫ్టువేరును విడిచిపెట్టడానికి కారణం కాదు, దాని బాధ్యతలో మన వాటా మనం మోయడానికి కారణం.

కనుక విమర్శకుల ముందు రెండు పనులు ఉన్నాయని నేననుకొంటాను. మొదటిది భాషకు సంబంధించినది. సాంకేతిక విషయాన్ని మహిమగానో వీరగాథగానో వ్రాసే రచనలను నిలదీయాలి. కాటా, అట్ట, సంఘం, వాటా వంటి జనం నోట్లోని మాటలతో వ్రాసే రచనలను ఆదరించాలి. రెండవది ఆచరణకు సంబంధించినది. మన పత్రికలూ పుస్తకాలూ యూనికోడులో, స్వేచ్ఛా ఫాంటులలో ఉండాలి. మన తరువాతివాళ్ళు వాటిని ఏ సంస్థ అనుమతీ లేకుండా తెరిచి చదవగలగాలి. రైతు వంతునూ, ముసలివాళ్ళ పింఛనునూ తేల్చే ప్రభుత్వ సాఫ్టువేరుల సోర్సు ప్రజల ఎదుట ఉండాలని అడగడం ఇంజనీర్ల కోరిక మాత్రమే కాదు, రచయితల కోరిక కూడా కావాలి. దుడ్లెంత అని అడగడం మన జనానికి ఎవరూ నేర్పనక్కరలేదు. కాటా ఎవరిదని అడగడమూ వాళ్ళకు వచ్చినదే. ఆ రెండవ ప్రశ్నను యార్డులోనుంచి ఫోను దగ్గరకు తీసుకురావడమే మిగిలి ఉన్నది.