పాఠం లేని పరిశోధన ఎవరిది?

'పాఠాలకే రోజంతా సరిపోతోంది, పరిశోధన ఎప్పుడు చేసేది?' యూనివర్సిటీ సైన్సు ప్రొఫెసర్లు తరచూ అనే మాట ఇది. ఇందులో నిజం లేకపోలేదు. 2018 యూజీసీ నిబంధనలు అసిస్టెంట్ ప్రొఫెసర్ వారానికి 16 గంటలు, ఆ పైవాళ్లు 14 గంటలు పాఠం చెప్పాలన్నాయి. తెలంగాణ రాష్ట్ర యూనివర్సిటీల్లో ఏళ్ల తరబడి పోస్టులు నింపకపోవడంతో ఉన్నవాళ్ల మీద భారం పెరిగింది. కానీ దీన్ని ఒక ప్రొఫెసరు టైంటేబుల్ సమస్యగా మాత్రమే చూస్తే అసలు సంగతి మరుగున పడుతుంది.

అవే నిబంధనలు ప్రొఫెసర్ పోస్టుకు నేరుగా ఎంపిక కావాలంటే ఏం అడిగాయి? 10 ప్రచురణలు, 120 పరిశోధన మార్కులు. ఒక్కో పీహెచ్‌డీ పూర్తి చేయిస్తే 10 మార్కులు. మరి పాఠానికి? పదేళ్ల అనుభవం ఉంటే చాలు. క్లాసులో ఎవరికి అర్థమైంది, ఎవరు వెనకబడ్డారు అన్నదానికి మార్కుల్లేవు. అట్లాంటప్పుడు వెనక బెంచీ పిల్లవాడికి ఇచ్చిన గంట ప్రొఫెసరుకు నష్టంగానే తోస్తుంది. త్వరగా పీహెచ్‌డీ ముగించేవాడే మంచి విద్యార్థిగా కనబడతాడు.

ఈ లెక్కలో నష్టపోయేది ఎవరు? కుల్కచర్ల లాంటి చోట తెలుగు మీడియంలో చదివి, తాండూరులోనో వికారాబాద్‌లోనో డిగ్రీ చేసి ఎమ్మెస్సీకొచ్చే మాదిగ, మాల పిల్లలే గదా! ఇంట్లో అడిగి తెలుసుకుందామంటే చదువుకున్నవాళ్లుండరు. అగ్రకుల విద్యార్థికి క్లాసు అనేక దారుల్లో ఒకటి. వీళ్లకు ఉన్నదే ఆ ఒక్క దారి.

ఇది 2018తో పుట్టిన జబ్బు కాదు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఫిజిక్స్ పరిశోధన చేయడానికి తమిళనాడు సేలం నుంచి వచ్చిన దళిత విద్యార్థి సెంథిల్ కుమార్ 2008 ఫిబ్రవరిలో ప్రాణం తీసుకున్నాడు. అప్పటికీ ఆయనకు గైడు దొరకలేదు. తర్వాత వినోద్ పావరాల నాయకత్వాన వేసిన కమిటీ గైడుల కేటాయింపులోని అస్తవ్యస్తాన్ని ఎత్తిచూపింది. గైడే లేనివాడికి పరిశోధన ఎక్కడిది?

పాఠం పరిశోధనను మింగేస్తుందనేది కూడా పూర్తి నిజం కాదు. బెంగాల్‌లో కింది కులంగా చూసిన కుటుంబంలో పుట్టిన మేఘనాద్ సాహా, 1920లో అయనీకరణ సమీకరణం ఇచ్చి, 1923 నుంచి 1938 దాకా అలహాబాద్‌లో పాఠం చెప్పాడు. అక్కడే బి.ఎన్. శ్రీవాస్తవతో కలిసి ఉష్ణం మీద పాఠ్యగ్రంథం రాశాడు. ఆయన క్లాసులో కూర్చున్న డి.ఎస్. కొఠారీ తర్వాత యూజీసీ ఛైర్మన్ అయ్యాడు. పరిశోధకులు తయారయ్యేది క్లాసులోనే.

కాబట్టి ప్రొఫెసర్లు 'బ్యాలెన్స్' గురించి బాధపడితే చాలదు. వెనకబడినవాళ్లకు చెప్పే అదనపు పాఠాన్ని పనిగంటల్లో లెక్కించాలి. గైడుల కేటాయింపు నియమాలు నోటీసు బోర్డు మీద పెట్టాలి. గడువు దాటినా గైడు దొరకకపోతే జవాబు చెప్పాల్సింది డిపార్టుమెంటు, విద్యార్థి కాదు. రిజర్వుడు పోస్టులతో సహా ఖాళీలన్నీ నింపాలి. ఈ డిమాండ్లు విద్యార్థి సంఘాలవీ, అధ్యాపక సంఘాలవీ కూడా కావాలి.